రంపం ఏ దిక్కు గుంజింది

మా ఇంట్లో పెట్రోల్ రంపానికి అమావాస్య నాడు సెలవు. చెట్లు కోసేవాళ్లలో ఇంకెవరూ ఇది పాటించగా నేను చూడలేదు. మేం నేతవాళ్లం. అమావాస్య నాడు మగ్గం ఆడించకపోవడం మా వాళ్ల ఆనవాయితీ. మగ్గం పోయింది గానీ ఆనవాయితీ పోలేదు, వచ్చి రంపం మీద కూర్చుంది. నకిరేకల్ దగ్గర బత్తాయి తోట నరికే పని సరిగ్గా ఆ రోజే పడిందని మొత్తుకున్నా మా బాపు వినడు. "అది గూడ పనిముట్టే గద. ఒక్క దినం ఊపిరి తీస్కోనియ్యి" అంటాడు. తోటాయనకు ఫోన్ చేసి కడుపునొప్పని అబద్ధం చెప్పడం నా వంతు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను మగ్గం దిగాను. అప్పటికి బోర్లు ఎండి బత్తాయి తోటలు కట్టెలకు పనికొచ్చే స్థితిలో ఉన్నాయి. రామన్నపేట నుంచి ఆలేరు దాకా ఎవరో ఒకరు ఏదో ఒక చెట్టు కొట్టించుకుంటూనే ఉండేవారు. రంపం కొన్నాను. బాపు మగ్గం విప్పి అటక మీద పెట్టి, దాని కింద కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, ఆ జాగాలో ఈత చాప పరుచుకుని గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అదే కూర్చోవడం. అన్నం సగమే తినేవాడు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేవాడు. మనిషి ఇట్లాగే పోతాడేమోనని నాకు భయం వేసింది.

ఒక సాయంత్రం నేను రంపం దించి చేతులు కడుక్కుని వచ్చేసరికి బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని పాత గుడ్డతో తుడుస్తున్నాడు. నేను ఆపలేదు. కొన్నాళ్లకు ఆ పనంతా ఆయనదైపోయింది. మూత విప్పి ఫిల్టరుకు పట్టిన పొట్టును పాత పళ్ల బ్రష్షుతో దులపడం, చైన్ తిరిగే పట్టీ గాడిలో ఆయిలుతో కలిసి గట్టిపడిన మడ్డిని గీకడం, పట్టీ ఒకే అంచున అరిగిపోకుండా దాన్ని తిరగేసి బిగించడం, చైన్ మరీ బిగుతుగానో వదులుగానో లేకుండా వేళ్లతో లాగి చూడడం. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం ఒక్కటే నాకు వదిలాడు, ఆ వాసన ఆయనకు పడదు. అన్నం మళ్లీ నిండుగా తినసాగాడు.

చైన్ పండ్లకు పదును పెట్టడమే కష్టమైంది. గుండ్రటి ఆకురాయిని ముందుకు తోసినప్పుడే అది కోస్తుంది. వెనక్కి రుద్దితే ఆకురాయి పాడవుతుంది, పన్ను మొద్దుబారుతుంది. బాపు చెయ్యేమో బతుకంతా మగ్గం మీద పోగు మోసే నాడె విసిరిన చెయ్యి. ఇటు నుంచి అటు పోతే అటు నుంచి ఇటు రావాల్సిందే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కొత్త ఆకురాళ్లు కొన్ని అరగదీసి మొద్దు చేశాక, ముందుకు తోసి, ఎత్తి, మళ్లీ మొదటికి తేవడం చేతికి అలవాటైంది. "ఉత్తగ వాపస్ వచ్చుడేందిరా, పోగు పొయ్యకుంట" అని చాలాకాలం గొణిగాడు.

తరువాత రంపం పక్కకు గుంజడం మొదలైంది. నిలువుగా దిగాల్సిన కోత వంకర తిరిగేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట తుమ్మ చెట్లను తిట్టుకున్నాను. ఆ తర్వాత చైన్ విప్పి ఎండలో చూశాను. ఒక పక్క పండ్లు సరిగ్గా ఉన్నాయి, రెండో పక్కవి పొట్టిగా, తలా ఒక తీరుగా అరిగి ఉన్నాయి. బాపు ఎడమ కంట్లో పొర వచ్చిందని మాకు తెలుసు. ఆపరేషన్ మాటెత్తితే "మగ్గం లేనోనికి కండ్లెందుకు" అనేవాడు.

వంకర పోయే రంపం మొద్దులో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న రంపం ఎగిరి మనిషి మీదికి వస్తుంది. ఇది తెలిసీ నేను బాపుతో ఏమీ అనలేకపోయాను. ఆకురాయి చేతిలోంచి తీసుకుంటే మళ్లీ ఆ గోడకు ఆనుకుంటాడు. ఇంకో ఆకురాయి కొని అన్నం సంచిలో దాచుకున్నాను. పని దగ్గరికి పోగానే చెట్టు కింద కూర్చుని పండ్లన్నీ మళ్లీ సరిచేసుకునేవాణ్ని. సంచి కడగబోయిన నా భార్య ఆకురాయి బయటికి తీసి, "మా వంట అంత గట్టిగుంటదా?" అని అడిగింది. అసలు సంగతి చెప్పాను. నవ్వడం మానేసింది.

"గోటితోని పొయ్యేదాన్ని గొడ్డలి దాక తెస్తున్నవ్. మామకు చెప్పరాదు?"

"చెప్త తియ్యి" అన్నాను. చెప్పలేదు.

ఒకరోజు మబ్బు పట్టింది. వాన పడేలోపు వేప చెట్టు దించాలన్న తొందరలో పండ్లు చూసుకోకుండానే కోత మొదలుపెట్టాను. మొద్దు సగంలో రంపం ఇరుక్కుని ఒక్క గుంజు గుంజి ఎగిరింది. మోకాలి పైన ప్యాంటు తెగి, చర్మం గీసుకుపోయింది. అంతే. ఇంకొంచెం లోపలికి దిగి ఉంటే ఏమయ్యేదో ఇంటికొచ్చేదాకా ఆలోచించలేదు. తుమ్మ ముల్లు గీసుకుందని బాపుతో అన్నాను.

నా భార్య ఆ రాత్రి బాపుకు అన్నం పెడుతూ, "మిషన్ పండ్లు రుద్దెటోనికి కండ్లు వద్దా మామా?" అని మాత్రం అన్నది. మేమెవరం ఎన్నిసార్లు చెప్పినా విననివాడు ఆ మాటకు ముద్ద కంచంలో పెట్టి, "నల్లగొండ దవాఖానల ఎప్పుడు చేస్తరో అడుగున్రి" అన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. నీళ్లు తగలొద్దు, దుమ్ము తగలొద్దు అన్నారు కాబట్టి కొన్నాళ్లు రంపం పని నేనే చూసుకున్నాను. డాక్టరు సరేనన్న తర్వాత వచ్చిన అమావాస్య నాడు, రంపం పనికి పోకుండా ఇంట్లోనే ఉండగా, బాపు నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, చాప మీద కూర్చుని, చైన్ విప్పాడు. ఒక్కొక్క పన్ను వెలుతురుకు పట్టి చూశాడు.

"గివి నేను రుద్దిన పండ్లు గావు."

"ఆపరేషనప్పుడు నేను రుద్దిన గద బాపు."

"కొద్ది దినాలకు గింత అరగయి" అన్నాడు. ఆయన తుడవడానికి గుడ్డ అందుకున్నాడు. అది నా పాత ప్యాంటు కాలు. తెగిన ప్యాంటును నా భార్య కత్తిరించి తుడిచే గుడ్డల్లో వేసింది, మేమెవరమూ దాని గురించి ఆలోచించలేదు. బాపు చెయ్యి చీలిక మీదికి రాగానే ఆగింది. బట్టను రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి పోగుల కొసలు చూశాడు. ఎన్ని వేల పోగులు అతికిన చేతులో అవి.

"ముల్లు పడితె పోగు సాగి తెగుతది. గిది సాగలే. కోసింది." తల ఎత్తకుండానే అడిగాడు, "మిషనేనా?"

"ఆఁ."

"గప్పుడు పండ్లు రుద్దింది నేనేనా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వే బాపు" అన్నాను.

తిడతాడనుకున్నాను, లేదా ఆకురాయి నా ముందు పడేసి గోడకు ఆనుకుంటాడనుకున్నాను.

"నాకు పని లేకుంటె ఇంట్ల కూసుంట. నీకు కాలు లేకుంటె ఏడ కూసుంటవ్ రా?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. నాకు సిగ్గనిపించింది. దానితోపాటే ఎప్పటినుంచో మోస్తున్న బరువు దిగినట్టూ అనిపించింది. బాపు ఆ గుడ్డను మడిచి చాప కింద పెట్టుకుని, వేరే గుడ్డ తెమ్మన్నాడు. మొదటి పన్ను నుంచి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. ముందుకు తోసి, ఎత్తి, మళ్లీ మొదటికి.

మర్నాడు కోత నిలువుగా దిగింది. నా ఆకురాయి అన్నం సంచిలోంచి తీసి ఆయన డబ్బాలోనే వేశాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం నేను రంపం దించగానే ఒకటే ప్రశ్న: "ఇయ్యాల ఏ దిక్కు గుంజింది?" గుంజకపోతే సాపుగా పోయిందంటాను. గుంజితే ఏ దిక్కో చెప్తాను. ఇప్పుడు అబద్ధం చెప్పడం లేదు. అయినా జవాబు వినేలోపే ఆయన కళ్లు నా ప్యాంటు మోకాళ్ల మీద ఒకసారి తిరిగి వస్తాయి. ఆ తర్వాతే రంపాన్ని ఒళ్లోకి తీసుకుంటాడు.