మా అత్త కత్తిరించని గుడ్డ

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు బంధువుల వాట్సాప్ గ్రూపులో, ఎవరిదో పెళ్ళిభోజనం ఫొటోకీ ఇంకెవరో పెట్టిన గుడ్ మార్నింగ్ గులాబీకీ మధ్యన కనిపించింది. కింద వరసగా దండం పెట్టిన చేతుల బొమ్మలు. ఆ చేతుల్లో సగం, ఆమె ఉన్నన్నాళ్ళూ కుట్టించుకోవడానికి పట్టుబట్టల సంచి పట్టుకుని ఆమె ఇంటికి వచ్చినవే. కుట్టి ఇచ్చాక గుమ్మం దాటకుండానే చీరను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాళ్ళు, గొర్రెల కంపు అంటిందేమోనని. తమ తాతలు ఏ మంద వెనక నడిచారో మరిచిపోయిన మహానుభావులు. ఇప్పుడు వీళ్ళు ఆమెను దేవత అని రాస్తున్నారు. చదివి ఫోను మంచం మీదికి విసిరేశాను.

సూర్యాపేట నుంచి చివ్వెంల పోయే దారిలో ఆమెది రెండు గదుల ఇల్లు, పక్కనే గొర్రెల దొడ్డి. పొద్దున దొడ్డి ఊడ్చిన చేతులతోనే మధ్యాహ్నం పట్టు పట్టుకోవాలి. గరుకు వేళ్ళకు పోగు తగులుకుంటుందని వాకిట్లో బండ మీద వేళ్ళ కొసలు రుద్ది, కడిగి, తుడిచి, పౌడరు రాసుకునేది. చాప మీద ఉతికిన తెల్ల పంచె పరిచేది. గుండుసూదిని ఆ గదిలోకే రానిచ్చేది కాదు. జాకెట్టును తిరగేసి తొడిగించి, ఒంటి మీదే సన్నసూదితో, తర్వాత విప్పేసే కచ్చా కుట్టు వేసేది. నడుము సన్నగా కనపడాలని పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళుంటారు కదా, వాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

"ఊపిరి ఇడువు. పెండ్లిల గూడ గిట్లనే బిగవట్టుకొని నిలవడ్తవా? బువ్వ తినవా?" అనేది.

పట్టుకు బజారు దారం వాడేది కాదు. ఆ గుడ్డ అంచు నుంచే ఒక పోగు లాగి సూదిలోకి ఎక్కించేది. వదులు తగ్గించడానికి లోపలికి పట్టిన గుడ్డను మాత్రం చచ్చినా కత్తిరించేది కాదు. "కొయ్యద్దు బిడ్డా. మనిషి ఇయ్యాల సన్నగుంటది, రేపు ఒళ్ళు జేస్తది. కోసిన గుడ్డ మళ్ల యాడికెల్లి తెస్తవ్?" అని నాతో ఎన్నిసార్లు అందో. ఆమెకు అసలు గిట్టని మాట ఒకటుంది, "లోపల ఎవరు చూస్తారు" అని. ఆ మాట అన్నవాళ్ళ సంచి అలాగే వాళ్ళ చేతికిచ్చి పంపేసేది.

నా ఘనకార్యం కూడా చెప్పాలి. మా తమ్ముడి పెళ్ళికి మా అమ్మ పట్టు జాకెట్టు తొడుక్కుందామని, మిర్యాలగూడలో మా ఇంట్లోనే పక్క కుట్లు విప్పి వదులు చేశాను. పాత కుట్టు దారిన సూది రంధ్రాలు చీమలబారులా బయటపడ్డాయి. అవి పూడుకుంటాయని నీళ్ళు చిలకరించి ఇస్త్రీ పెట్టాను. రంధ్రాలు పూడలేదు సరికదా, పక్కన నీటి మరక తేలింది. అత్త దగ్గరికి తీసుకుపోతే, ఆ జాకెట్టును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"పట్టు మీద నీళ్ళు జల్లి ఇస్త్రీ పెట్టినవా? బడిల పోరగాండ్లకు గిదేనా నువ్ సెప్పేది?"

మరకా రంధ్రాలూ కనపడకుండా రెండు పక్కలా జరీ పట్టీ వేయాలంది. ఒక పక్క తను కుట్టింది. రెండో పక్క నన్ను కుట్టమంది. నాలుగుసార్లు కుట్టాను, నాలుగుసార్లు విప్పించింది. "కుక్క కరిసినట్టున్నది" అంది. అయిదోసారి ఏమీ అనలేదు. ఆమె దగ్గర నాకు దొరికిన మెప్పు అదే. నా బీఎడ్ పట్టా కంటే నాకు అదే ఎక్కువ.

నాలుగు నెలల కింద, జబ్బుచేసి దవాఖానలో ఉండి ఇంటికొచ్చాక అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, బాగ బక్కగైన. పచ్చ జాకెట్టు జర లోపలికి పట్టాలె. నా చెయ్యి వణుకుతాంది. నువ్వొచ్చి కుడ్తవా?"

"పిల్లల పరీక్షలున్నయత్తా. అయిపోంగనే వస్త."

పరీక్షలు అయిపోయాయి. సెలవులు వచ్చాయి, సెలవులూ అయిపోయాయి. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బస్సెక్కితే గంట చిల్లర. నేను పోలేదు. చీర వాసన చూసిన చుట్టాలను ఇంతసేపు తిట్టాను గానీ, వాళ్ళు నాకంటే నయం. తమ పని కోసమైనా వెళ్ళారు.

పోయిన కబురు చూసి నేను వెళ్ళేసరికి అత్త ఇంటి నిండా జనం. ఆమెకు ఇష్టమైన చిలకపచ్చ పట్టుచీర కడదామన్నారు. అత్త పెద్దకోడలికి కోదాడలో బట్టల దుకాణం ఉంది. అద్దాల తలుపు, లోపల తల లేని బొమ్మ, పట్టు మీద జిగురుతో రాళ్ళు అతికించే పనితనం. ఆ బొమ్మను ఓనరును చూసే చేయించారని నా నమ్మకం. ఆవిడ ఆ పచ్చ జాకెట్టును మూట నుంచి తీసి, పైకెత్తి చూసి, కత్తెర అందుకుంది.

"అత్తయ్య బాగా చిక్కిపోయారు కదా అక్కా, ఇది వదులైపోద్ది. వెనక కత్తిరించి లోపలికి దోపేద్దాం. ఇప్పుడెవరు చూస్తారు?"

నాకు ఒళ్ళు తెలియలేదు. "ఆ కత్తెర కింద పెట్టు. నేను కుడ్త" అన్నాను.

బయట నుంచి మగవాళ్ళు "లేటైతాంది, కానియ్యుండ్రి" అని కేకలు. ఆమె బతికున్నప్పుడు ఒక్క గంట తీరిక లేనివాళ్ళకు ఇప్పుడు ఎక్కడలేని తొందర. "ఆగుండ్రి" అని అరిచి, వాకిట్లో బండ మీద వేళ్ళు రుద్దుకుని, కడుక్కుని వచ్చి తలుపు వేశాను. తెల్ల పంచె పరిచి, జాకెట్టును తిరగేశాను.

ఒక పక్క అప్పటికే కుట్టి ఉంది. వంకరటింకర కుట్లు. ఆమె చేతి నుంచి అలాంటి కుట్లు నేనెప్పుడూ చూడలేదు. రెండో పక్క ఎంత పట్టాలో గుర్తుగా కచ్చా కుట్టు వేసి ఆపేసింది. పచ్చ పోగు ఎక్కించిన సూదిని ఆ గుడ్డకే గుచ్చి పెట్టింది. జరీ పట్టీ వేసిన నాడు చేసినట్టే, రెండో పక్క నాకు వదిలింది. నేను వస్తాననుకుంది.

ఏడుస్తూనే కుట్టాను. మొదటి నాలుగు కుట్లు బాగా రాలేదు, నేనే విప్పుకున్నాను. మళ్ళీ కుట్టాను. చివరి ముడి వేశాక పెద్దకోడలు చంక దగ్గర తడిమి చూసింది.

"లోపలి గుడ్డ లావుగా ఉంది అక్కా. కనీసం ఇదైనా కోసేద్దామా?" ఈసారి మెల్లగానే అడిగింది.

"కొయ్యద్దు" అన్నాను.

నలుగురం కలిసి మెల్లగా తొడిగించాం. ఒంటికి సరిగ్గా సరిపోయింది. చీర కట్టి, కొంగు సర్ది, తలుపు తీశాను. ఆమెను బయటికి తీసుకుపోయారు. చంకల కింద రెండు పక్కలా రెండేసి వేళ్ళ వెడల్పున పచ్చ పట్టుగుడ్డ, రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి, మడతలో అలాగే ఉంది.