కెప్టెన్ గారిని ఒరేయ్ అన్న రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది విమానం కాదు, నా గొంతు. అంటే, లేని గొంతు. మాది పెదకాకాని అవతల మిరప పండించే ఊరు. అక్కడ ఇద్దరు మామూలుగా కబుర్లాడుకుంటున్నా పక్క వీధి వాళ్లకి తగాదా పడుతున్నట్టే వినిపిస్తుంది. చర్చిలో మా అమ్మ ప్రార్థన చేస్తే మైకు అక్కర్లేదు. (పరలోకం దూరం కదే, గట్టిగా అడగాలి అనేది.) అలాంటి ఇంట్లో పుట్టి నేనొక్కదాన్నే ఎందుకో పిల్లికూనలా మాట్లాడేదాన్ని. కో-పైలట్‌గా చేరి, దూరాన ఓ పెద్ద నగరంలో, తెలుగు మాట వినపడని వీధిలో మేడ మీద గది తీసుకున్నాక ఆ ఉన్న కాస్త గొంతూ పోయింది. సెలవు రోజుల్లో నోరు తెరవాల్సిన అవసరమే ఉండేది కాదు. సాయంత్రానికి ఒకసారి దగ్గి చూసుకునేదాన్ని, లోపల ఇంకా ఉందో లేదోనని.

మాకు పాఠాలు చెప్పే పెద్దాయన మాత్రం నా గొంతు మీదే పడ్డాడు. చక్రాలు నేలని తాకితే గండం గడిచినట్టు కాదనేవాడు. వేగం ఎక్కువున్నా, వెనక నుంచి గాలి తోస్తున్నా, దిగాల్సిన చోటు దాటి దిగినా, పైగా రన్‌వే తడిసి ఉంటే బ్రేకులు పట్టవు, విమానం రన్‌వే దాటి బురదలోకి పోతుంది. దానికి మందు చాలా తేలిక. వెయ్యి అడుగుల ఎత్తుకి వచ్చేసరికి వేగం, దిగే తీరు కుదురుకోకపోతే 'గో అరౌండ్' అనాలి. అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి రావడం. ఇద్దరు పైలట్లలో ఆ మాట ఎవరన్నా సరే, రెండోవాళ్లు వాదన పెట్టుకోకూడదు. అంతా చెప్పి నా చేత అనిపించాడు. అన్నాను. "అమ్మాయీ, నువ్వు చెప్పినట్టు లేదు, సెలవు అడిగినట్టుంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గదికి వెళ్లి ఏడ్చాను.

అప్పటి నుంచి గదిలో సాధన మొదలుపెట్టాను. తలుపేసుకుని, కుక్కర్ని కెప్టెన్ అనుకుని, అది కూత పెట్టినప్పుడల్లా "గో అరౌండ్!" అని అరిచేదాన్ని. ఒకరోజు కుక్కర్‌కి సెలవిచ్చి ఫోన్లో భోజనం తెప్పించుకున్నాను. ఎంతకీ రాదు. ఆకలి కోపంతో ఇంకా బాగా అరిచాను. చివరికి బాల్కనీలోంచి చూస్తే, పార్సెల్ తెచ్చిన మనిషి చెమటలు కక్కుతూ మేడ చుట్టూ తిరుగుతున్నాడు. పిలిచి అడిగితే, "తలుపు కొట్టబోతుంటే మీరే చుట్టు తిరిగి రమ్మంటున్నారు కదా మేడమ్, వెనక తలుపు ఎక్కడా కనపడలేదు" అన్నాడు వాళ్ల భాషలో. క్షమించమని మంచినీళ్లిచ్చాను. తాగి వెళ్లిపోయాడు. ఆ వారంలో నా గుమ్మం దాకా వచ్చిన మనిషి అతనొక్కడే. కాసేపు కూర్చోమందామనుకున్నాను గానీ, ఏమని కూర్చోమంటాం?

కొన్నాళ్లకి మన వైపే, కృష్ణ అవతలున్న ఎయిర్‌పోర్టుకి డ్యూటీ పడింది. నడిపే కెప్టెన్‌కి మేం పెట్టుకున్న పేరు మౌనం సార్. ఉత్తరాది మనిషి, మా నాన్న వయసు, పనికి సంబంధించినవి తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. కళ్లాల్లో కాయ ఎండే కాలంలో అకాల వర్షం పట్టుకుంది. దిగుతున్నాం. వెనక గాలి తోస్తోంది, వేగం తగ్గడం లేదు. "సర్, స్పీడ్" అన్నాను. "తగ్గుతుంది" అన్నాడు. వెయ్యి అడుగులు వచ్చింది, తగ్గలేదు. "కుదురుగా లేదు సర్" అన్నాను. వర్షం మోతలో అది నాకే వినపడలేదు. ఎదురుగా రన్‌వే నీళ్లతో మెరుస్తోంది. వెనక నిండా జనం. అప్పుడు, తమ్ముడు ట్రాక్టర్ని బురద కాలవ వైపు పోనిస్తుంటే మా అమ్మ ఎలా అరుస్తుందో అచ్చం అలాగే, ఆ గొంతుతోనే అరిచాను.

"ఒరేయ్! పైకి లేపరా! గో అరౌండ్!"

నా అరుపు పూర్తయ్యేలోపే ఆయన చెయ్యి ఇంజన్ల పవర్ పెంచేసింది. ముక్కు పైకి లేచింది. నేను చక్రాలు లోపలికి తీసి, టవర్‌కి చెప్పాల్సింది చెప్పి, చేతులు తొడల కింద దాచుకున్నాను. ఈసారి అవతలి వైపు నుంచి, గాలికి ఎదురుగా వచ్చాం. విమానం కుదురుగా దిగి, ఇంకా బోలెడు రన్‌వే ఉండగానే నడక వేగానికి వచ్చింది.

దిగేటప్పుడు ప్రయాణికుల్లో తలపాగా చుట్టిన రైతు ఒకాయన గుమ్మం దగ్గర నన్ను చూసి, "ఏమ్మా, మా కళ్లంలో కాయ తడిసిందో లేదో చూసొద్దామని రెండోసారి తిప్పారా?" అన్నాడు. తెలుగు విని నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అందరూ దిగాక మౌనం సార్ నా వైపు తిరిగాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మొదట ఏదో అన్నావు, ఏమిటది?"

"మా భాషలో... మర్యాదగా పిలవడం సర్." (దేవుడు క్షమించాలి.)

ఆయన హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనింకా సర్దుకుంటుందనే చూస్తున్నాను. ఈ సీట్లోకి వచ్చాక అందరూ సర్ సర్ అనేవాళ్లే. వద్దని అరిచేవాళ్లు లేరు. థాంక్స్" అన్నాడు. రిపోర్టు కూడా ఆయనే రాశాడు, నన్ను మెచ్చుకుంటూ.

తిరుగు ప్రయాణానికి కాస్త సమయం ఉంది. ఇల్లు పక్కనే, వెళ్లడానికి లేదు. ఫోన్ చేస్తే అమ్మ రొప్పుతూ ఎత్తింది. "కాయ మీద పట్టాలు కప్పుతున్నామే! ఇందాక మబ్బులో ఏదో విమానం తెగ మోత పెట్టింది, నువ్వు కాదుగా?"

"నేనే అమ్మా."

"చెప్పొద్దుటే! చెయ్యన్నా ఊపేదాన్ని!"

ఇప్పుడు ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, నాది. పక్కన ఎవరు కూర్చున్నా, "తేడా కనిపిస్తే గట్టిగా అరవండి, ఏ భాషలోనైనా సరే" అంటాను. "అలాగే మేడమ్" అంటారు మర్యాదగా. తర్వాత మాటలుండవు. ఇంజన్ల హోరు ఒకటే. అలాంటప్పుడు, తొడల కింద చేతులు దాచుకున్న అప్పటి నన్ను, ఆ బక్క పిల్లని పిలిచి ఓ కప్పు టీ ఇచ్చి, కాసేపు కూర్చోమనాలనిపిస్తుంది.