కొల్లేటి నీళ్ళలో మొండికేసిన మోటారు

తాడేపల్లిగూడెం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద మా వరద సహాయ దళం దిగేసరికి ఉదయం ఆరున్నర. వాన తెరిపి ఇచ్చింది. రన్‌వే మీద చీలమండ లోతు నీళ్ళు. రెండు వేల సంవత్సరం దాటాక, తొలి ఏళ్ళలో సంగతి ఇది. అప్పుడు నేను ఆర్మీలో వెహికల్ మెకానిక్‌ని, ర్యాంకు నాయక్. పుట్టి పెరిగింది భీమడోలు. సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. సొంత జిల్లాకి డ్యూటీ మీద రావడం మాత్రం అదే మొదటిసారి. ట్రక్కులోంచి దూకి బూటు బురదలో పెట్టాక, నేను పోస్టింగుకి వచ్చానో ఇంటికి వచ్చానో నాకే తేలలేదు. టీ అమ్మే ఆయన "మీదే ఊరండీ?" అని అడిగితే యూనిట్ పేరు చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

మధ్యాహ్నానికి నలుగురిని ఒక బండి ఇచ్చి ఏలూరు దాటి కొల్లేటి వైపు పంపారు. సుబేదార్ సాబ్, డ్రైవర్, సిగ్నల్‌మాన్, నేను. రోడ్డు నీళ్ళలోకి దిగిపోయే చోట ఒక స్కూల్లో మకాం. అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల అవతల ఒక లంక గ్రామం. బియ్యం, పాలపొడి, మందులు అక్కడికి చేర్చాలి, జబ్బు మనుషుల్ని ఇవతలికి తేవాలి. ఆర్డరు అంతే.

పడవలు లేవా అని మీరు అడుగుతారు. కొల్లేట్లో పడవలకేం కొదవ. వరద ఎక్కడెక్కడి గుర్రపు డెక్క కలుపునో తోసుకొచ్చి ఆ రోడ్డు పొడుగునా పరిచేసింది. దోనె అందులో దూరితే ముందుకీ పోదు, వెనక్కీ రాదు. రోడ్డు మీద నీళ్ళు మోకాలు నుంచి తొడ లోతు. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే డెక్కని చీల్చుకుంటూ పోతుంది. మామూలు బండి సగం దూరంలో కూలబడుతుంది.

మా బండి ఆ నెలలోనే యూనిట్‌కి వచ్చిన కొత్త రకం. పాత జీపుల్లో ముందు చక్రాలకి కూడా బలం అందించాలంటే చిన్న లివర్ లాగేవాళ్ళం. లాగితే పడింది, పడకపోతే తిట్టి మళ్ళీ లాగాం. ఇందులో లివర్ లేదు. డ్యాష్‌బోర్డు మీద రేడియో గుండీ లాంటిది ఒకటి. అది తిప్పితే, బండి కింద ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టెకి బిగించిన గుప్పెడంత మోటారు తిరిగి గేరు మారుస్తుంది. పడగానే లైటు నిలకడగా వెలగాలి. దాని మీద నాకు ఇచ్చిన శిక్షణ ఒక పూట. అందులో సగం టీ.

మొదటి రోజు చక్కగా వెళ్ళొచ్చాం. రెండో రోజు సగం దారిలో ఆగి మళ్ళీ గుండీ తిప్పితే లైటు టపటపా కొట్టుకుంది. ముందు చక్రాలు చచ్చినట్టు ఉండిపోయాయి. లంక కుర్రాళ్ళు పాతికమంది వచ్చి తోసి ఇవతలికి చేర్చారు. స్కూలు వరండాలో బండి కింద దూరాను. ఫ్యూజు బాగానే ఉంది. వైర్లు ఎక్కడా తెగలేదు. మోటారు విప్పి నేరుగా బ్యాటరీ తగిలిస్తే బొంగరంలా తిరిగింది. కనెక్టర్ తుడిచి మళ్ళీ బిగించాను. లైటు వెలిగింది, గేరు పడింది. మీసం తిప్పుకున్నాను.

మర్నాడు నీళ్ళలో మళ్ళీ అదే కథ. విప్పితే మళ్ళీ తిరిగింది. నేలమీద బంగారం, నీళ్ళలో రాయి. ఈసారి మోటారు మూత తీశాను. లోపల, గేరు ఎక్కడుందో కంట్రోలు పెట్టెకి చెప్పే ఇత్తడి రేకు ఒకటి ఉంటుంది. దాని మీద తడి, పచ్చగా చిలుము. నీళ్ళు ఎలా దూరాయి? సీలు కొత్తది, మూత బిగువుగా ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఎండబెట్టి, మూత చుట్టూ రెట్టింపు పేస్టు రాసి మూశాను. ఆ తర్వాతి రోజు ఇంకా ముందే ఆగిపోయింది. ఎంత గట్టిగా మూస్తే అంత తొందరగా నీళ్ళు తాగుతోంది. నాకు పిచ్చెక్కింది. బూట్లతో సహా పడుకుని కప్పువైపు చూస్తూ ఉండిపోయాను. సుబేదార్ సాబ్ వచ్చి, నీకు తెలియకపోతే తెలియదని చెప్పు, పైకి రాస్తాను అన్నాడు. తెలుసో తెలియదో కూడా తెలియడం లేదు సాబ్ అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం లంక నుంచి ఒక పెద్దాయన నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. పేరు దావీదు. చేపల చెరువుల మీద కూలి. ఆయన భార్య రూతమ్మ ఆ మధ్యాహ్నం జ్వరంతో పోయింది. లంకలో వాళ్ళ సమాధుల దొడ్డి నీళ్ళ కింద ఉంది. మెరక అంటే ఇటువైపు రోడ్డు పక్కన చర్చివాళ్ళ జాగా ఒక్కటే. పెట్టె పడవ చెక్కలతో చేయించారట, పడవ మీద తేవడానికి మాత్రం దారి లేదు, మూడు కిలోమీటర్లు ఆ డెక్కలో భుజాల మీద మోయడం మనుషుల వల్ల కాదు. ఆ ఉక్కలో శరీరం మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. ఆయన ఏడవలేదు. నా యాస పట్టేశాడు.

"మీరు మనవైపోళ్ళే కదండీ. పొద్దున్నే బండి వస్తాదాండీ?"

బండి మీద నమ్మకం లేదని చెప్పాలి. వస్తుందండి అన్నాను.

తెల్లవారగానే మోటారు విప్పి ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. బండి అడుగున డ్రైవర్ పాకుతూ కనిపించాడు. నీళ్ళలోకి దిగేముందు బండికున్న ప్రతి రంధ్రాన్నీ గ్రీజుతో మూయడం మా డ్రిల్లు. పాత జీపుల కాలం నుంచీ చేతివేళ్ళకి పట్టేసిన అలవాటు. మంచి డ్రైవరు, ఒక్క పూట కూడా మానలేదు. చేతిలో గ్రీజు ముద్దతో దేనికోసమో తడుముతున్నాడు.

"ఉస్తాద్, ఇక్కడో చిన్న రబ్బరు గొట్టం ఉండాలి. రోజూ దాని మూతి మూస్తాను. ఏది?"

ఆ గొట్టం మోటారుదే. నా ఒళ్ళోనే ఉంది. అది మోటారు ఊపిరి పీల్చే ముక్కు. మోటారు వేడెక్కుతుంది, ఒక్కసారిగా చన్నీళ్ళలో మునుగుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది. ముక్కు మూసి ఉంది కాబట్టి ఇరుసు సందులోంచి నీళ్ళు లాక్కుంటుంది. రోజూ సాయంత్రం నేను కిరోసిన్‌తో గ్రీజంతా కడుగుతున్నాను, అది కూడా మట్టే అనుకుని. రోజూ పొద్దున్నే అతను మళ్ళీ పెడుతున్నాడు. ఇద్దరం మా పని మేం శ్రద్ధగా చేశాం. అతన్ని తిట్టాలో, కావలించుకోవాలో తెలియలేదు. నవ్వొచ్చింది, వెంటనే దావీదుగారు గుర్తొచ్చి ఆగిపోయింది.

కారణం దొరికింది కానీ రేకు అప్పటికే చిలుము తినేసింది. వేరే మోటారు లేదు. మోటారు లేకుండా, అది తిప్పాల్సిన ఇరుసుని స్పానర్‌తో నేనే తిప్పుదామనుకున్నాను. ఎంత తిప్పితే ఎక్కడ పడుతుందో గుర్తులు లేవు. ఒక ముందు చక్రం జాకీ మీద ఎత్తించి, బండిని గేర్లో ఉంచి, కొంచెం తిప్పడం, చక్రం ఊపి చూడటం. చక్రం సులువుగా తిరిగింది. ఇంకొంచెం. మళ్ళీ తిరిగింది. సుబేదార్ సాబ్ గడియారం చూస్తున్నాడు. ఈసారి బలంగా తిప్పాను. కింద టక్కుమంది. చక్రం కదలలేదు, అంటే గేరు పడినట్టే.

ఎక్కాం. బండి కదిలాక తెలిసింది, ఒక మెట్టు ఎక్కువ తిప్పేశానని. అన్నిటికంటే నెమ్మది గేరు పడింది. ఇంజను అరుస్తోంది, బండి మనిషి నడకతో పోతోంది. దిగి సరిచేస్తాను అన్నాను. వద్దు, పడిందే చాలు అన్నాడు సుబేదార్ సాబ్.

లంక చేరాం. పెట్టె వెనక ఎక్కించారు. దావీదుగారిని ముందు కూర్చోమంటే ఒప్పుకోలేదు, పెట్టె పక్కనే కూర్చుని దాని మీద చెయ్యి వేసుకున్నాడు. ఊరి జనం ఇరవైమంది దాకా బండి వెనక తొడలోతు నీళ్ళలో నడిచారు. మామూలు వేగమైతే వాళ్ళు అందుకోలేకపోయేవారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. ఇంజను రొదలో ఒక్కో చరణం వినబడింది, ఒక్కోటి వినబడలేదు. బండి ఎక్కడా ఆగలేదు. నేను ఏ ఆలోచనా లేకుండా తప్పుగా తిప్పిన గేరు ఆ ఊరేగింపుకి సరిపోయింది. అది ఎలా జరిగిందని నన్ను అడగొద్దు.

చర్చి జాగాలో పెట్టె దింపి మట్టి వేస్తుండగా వైర్‌లెస్ సెట్టు పలికింది. సిగ్నల్‌మాన్ విని చెప్పాడు.

"వెనక్కి రమ్మంటున్నారు సాబ్. పన్నెండుకల్లా తాడేపల్లిగూడెంలో ఉండాలి. కాలమ్ మొత్తం, మన దళమంతా ఖాళీ చేస్తోంది."

జనాన్ని తిరిగి లంకలో దింపి వస్తామని అడిగించాను. నెగెటివ్, కుదరదు అన్నారు. ఆ నడకతో పోయి రావడానికి మధ్యాహ్నం దాటుతుంది, అది నిజమే. నేను మళ్ళీ బండి కింద దూరి ఇరుసుని రోడ్డు గేరుకి తిప్పాను. పైకి వచ్చేసరికి చాలామంది ఏలూరులో వరద బాధితుల శిబిరానికి బయల్దేరారు. దావీదుగారి కూతురు ఆయన చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఆయన విడిపించుకుని నా దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టాడు.

"మీరూ శిబిరానికి వెళ్ళండి, బండి ఇక రాదు" అన్నాను.

"గేదె ఉందండీ. నిన్నట్నించీ పాలు తియ్యలేదు. ఆవిడ చేతికి తప్ప ఇవ్వదండి అది. అయినా వెళ్ళి చూడాలి కదండీ."

నాకు ఏడుపొచ్చింది. చేతి గ్రీజు తుడుచుకుంటున్నట్టు అటు తిరిగాను.

వారానికి యూనిట్ చేరాం. కొత్త మోటారు వేశాను, ఆ గొట్టాన్ని పొడిగించి బానెట్ కింద పైకి కట్టాను. ఆ బండి మళ్ళీ ఎప్పుడూ మొరాయించలేదు. పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చాక, ఆర్మీలో ఏం చూశావని ఎవరైనా అడిగితే మంచు గురించీ ఇసుక గురించీ చెబుతాను. వినేవాళ్ళకి అవే కావాలి.

నాకు కనబడేది వేరు. పంచె ఎగగట్టుకుని దావీదుగారు నీళ్ళలోకి దిగాడు. మా చక్రాలు చీల్చిన దారి రెండు పక్కల నుంచీ అప్పటికే డెక్కతో మూసుకుపోతోంది. రోడ్డు ఎక్కడుందో ఆయన పాదాలకే తెలియాలి. ముందూ వెనకా ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. అయినా ఆయన, కనిపించని ఆ రోడ్డుకి ఎడమ పక్కనే, వచ్చేవాళ్ళకి దారి వదులుతున్నట్టు అంచు పట్టుకుని నడిచాడు.