బుధవారం నీళ్లు

2022 జూన్. సికింద్రాబాద్‌లోని ఒక బస్తీ ఆరోగ్య కేంద్రంలో నేను సూపర్‌వైజర్‌ని. రిటైర్ కావడానికి ఇంకా పదకొండు నెలలుంది. సీతాఫల్‌మండిలో రెండు గల్లీలు మా కేంద్రం కిందికి వచ్చేవి. రిజిస్టర్‌లో వాటిని పై గల్లీ, కింది గల్లీ అని రాసుకునేదాన్ని.

ఎమ్‌టీపీకి, అంటే చట్టప్రకారం చేసే గర్భస్రావానికి, పెద్దాసుపత్రికి చీటీ రాయించుకునేవాళ్లలో కింది గల్లీవాళ్లే ఎక్కువ. రిజిస్టర్ చివరి గడిలో కారణం రాయాలి. నాలుగేళ్లుగా నేను ‘అవగాహన లోపం’ అని రాస్తూ వచ్చాను.

జూన్ 9, గురువారం కింది గల్లీ నుంచి సుజాత వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. భర్త స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు.

“ఎల్‌ఎంపీ ఎప్పుడమ్మా?” అని అడిగాను. చివరి నెలసరి మొదటి రోజు అన్నమాట. చాలామంది ఉగాది అయినంక అనో, పెళ్లికి పోయొచ్చినంక అనో చెబుతారు. సుజాత ఫోన్ చూసి, “ఏప్రిల్ ఇరవై ఎనిమిది” అంది. లెక్కేశాను. సరిగ్గా ఆరు వారాలు.

రెండేళ్ల కింద కూడా ఆమెకు ఒకసారి ఎమ్‌టీపీ అయింది. ఇప్పుడు రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఏడున్నరే ఉంది. “ఈసారికి జాగ్రత్తగా చేయిస్తాం. మళ్లీ మళ్లీ అయితే నీ ఒళ్లు తట్టుకోదు” అని మా డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

ఆమె కార్డు తీశాను. గర్భం రాకుండా మూడు నెలలకోసారి ఇచ్చే సూది ఆఖరిసారి వేయించుకున్నది 2021 సెప్టెంబర్ 15న. తర్వాత అన్నీ ఖాళీ గడులే.

“డిగ్రీ చదివినదానివి, సూది తారీఖు గుర్తుండదా?”

“గుర్తుంది సిస్టరమ్మా. మీ సూది బుధారం పది గంటలకు. మా గల్లీల నీళ్లు సుత బుధారం పది గంటలకే. నేను ఈడికొస్తే డ్రమ్ము ఎవరు నింపుతరు? మీరొస్తరా?”

“ఇంట్లో ఎవరూ లేరా?”

“మా ఆయన పొద్దుగాల్నే ఆటో తీస్కపోతడు. అత్త ఊర్ల ఉంటది. పక్కింటామె ఒక్కసారి నింపుతది, ప్రతిసారి ఎందుకు నింపుతది?”

“వేరే రోజు రావచ్చుగా?”

“సోమారం వచ్చిన. బుధారం రమ్మని మీ సిస్టరే తిరగ్గొట్టింది.”

ఆ నియమం పెట్టింది నేనే. సూదులన్నీ ఒకే రోజు వేస్తే లెక్క తప్పదని.

ఎమ్‌టీపీకి ఒప్పుకుంటున్నట్టు రాసే కాగితం ముందు పెట్టాను. “మా ఆయన సంతకం కావాల్నా?” అంది.

“అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండాక నీ సంతకం చాలు.”

“నాకెరుకే. మీకెరుకనో లేదో అని అడిగిన” అంటూ సంతకం చేసింది.

ఆ సాయంత్రం రెండు గల్లీల కార్డులూ ముందేసుకుని కూర్చున్నాను. చదువు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. నీళ్లు రెండు చోట్లా బుధవారమే. పై గల్లీ ఇళ్లలో అత్తో ఆడబిడ్డో ఉన్నారు. కింది గల్లీవి అద్దె గదులు, బతుకుతెరువుకు వచ్చిన జంటలవి. సూది తప్పిన కార్డులన్నీ అక్కడివే.

మర్నాడు డాక్టరమ్మతో మాట్లాడి, సూది ఏ రోజైనా, మధ్యాహ్నమైనా వేయాలని మార్పించాను. సుజాతకు ఎమ్‌టీపీ అయ్యాక జూన్ 13న సూది వేశాం. మళ్లీ సెప్టెంబర్ 12, సోమవారం, తారీఖు తప్పకుండా వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి ఆమె కార్డులో కొత్తగా ఒక్క ఖాళీ గడి లేదు. రక్తం కూడా పదికి పెరిగింది.

చదువు సుజాతను ఆరు వారాలకే, సరైన తారీఖుతో, మా దగ్గరికి తెచ్చింది. డ్రమ్ము దగ్గర నిలబడే మనిషి ఒకరుంటే ఆమెకు ఆ రావడమే తప్పేది. ఈ రెండూ వేరువేరని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆమె వచ్చిన రోజు రిజిస్టర్‌లో ఆమె వరసలో కారణం గడి నింపకుండా ఉంచాను. ఆ జూన్ నెలాఖరున అక్కడ ‘బుధవారం నీళ్లు’ అని రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి, “ఇదేం కారణమమ్మా? అవగాహన లోపం అని రాయాలి కదా?” అన్నాడు.

“ఆ లోపం నాదండీ. నా పేరు మీద రాయడానికి ఇందులో గడి లేదు” అన్నాను.