బెజవాడ లైన్లో గొంతు

ఎనభైల్లో నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరినప్పుడు నాకు తొందర ఎక్కువ, మాట తక్కువ. పొద్దున్నే ట్రంకు లైన్లు పరీక్షించేటప్పుడు "హలో, వినపడుతోందా?" అని అడిగి, అవుననగానే ప్లగ్ పీకేసేదాన్ని. పక్క కుర్చీలో మా సీనియర్ మేడం మాత్రం బెజవాడ ఆపరేటర్‌తో, "మీవాడికి జ్వరం తగ్గిందా అండీ?" అంటూ మొదలుపెట్టేవారు. ముఖమైనా చూడని మనిషితో ఈ ముచ్చట్లేమిటని నాకు ఒళ్లు మండేది.

ఒక మే నెలలో ఓ రోజు ఆవిడ సెలవు పెట్టారు. ఆ రోజే ఆగిరిపల్లి రైతు ఒకాయన పరుగున వచ్చాడు. బంగినపల్లి కాయలు నింపిన లారీ బయట రోడ్డు మీద ఉంది. నాగపూర్ మార్కెట్ బంద్ అని అప్పుడే టెలిగ్రాం వచ్చింది. హైదరాబాదులో కొనేవాళ్లు సరేనంటే లారీని అటు తిప్పాలి.

"ఎండకి కాయ ఉడికిపోతోందమ్మా. ఏడాది కష్టమంతా ఆ లారీలోనే ఉంది. కాస్త లైన్ ఇప్పించు తల్లీ," అన్నాడు.

హైదరాబాదు కాల్ బెజవాడ మీదుగానే వెళ్లాలి. నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ "క్యూలో ఉండండి" అని పెట్టేశారు. ఐదోసారి ఉక్రోషం ఆగక, "మా మేడం ఉంటే ఇలాగే అనేవాళ్లా?" అనేశాను.

అవతలి గొంతు మెత్తబడింది. "అవునూ, ఆవిడ కంటి ఆపరేషన్ ఇవాళేగా? ఎలా జరిగిందంట?"

రోజూ పక్కనే కూర్చునే నేను, సెలవు ఎందుకని కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తెలీదండీ," అన్నాను.

"సరే, ఇంతకీ నీకెందుకమ్మా అంత తొందర?"

లారీ సంగతి చెప్పాను.

"ముందే చెప్పొద్దూ! ఉండు, హైదరాబాదులో నాకు బాగా తెలిసినావిడ డ్యూటీలో ఉంది."

పది నిమిషాల్లో రైతు మాట్లాడేశాడు. లారీ హైదరాబాదు దారి పట్టింది.

ఆదివారం మేడంని చూడ్డానికి బెజవాడ ఆసుపత్రికి వెళ్లాను. మేడం రెండు కళ్లకూ కట్టు ఉంది. మంచం పక్కన ఎవరో ఒకావిడ జావ తాగిస్తున్నారు. నేను "మేడం" అన్నానో లేదో, జావ తాగిస్తున్నావిడే తలెత్తి "లారీ చేరిందా అమ్మా?" అని అడిగారు.

అది బెజవాడ లైన్లో విన్న గొంతే. ఇంత స్నేహాన్నా నేను ముచ్చట్లని విసుక్కున్నది!

మేడం చెయ్యి చాచి ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నారు. "ఆరేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. తీరా ఆవిడ వచ్చేసరికి నాకీ కట్టు," అని నవ్వి, నావైపు తిరిగారు. "ఎలా ఉంటారో నువ్వన్నా చెప్పవే."