జడతో సహా గీసిన బొమ్మ

మొన్న వేసవి దాకా, నా చేత గీయించుకున్న ముఖాల్లో ఏ ఒక్కటీ తన బొమ్మను తాను చూసుకోలేదు. నందిగామలో మా వీధివాళ్ళు, మా బడిలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఇంట్లో ఎవరైనా పోతే ఆధార్ కార్డో, పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ ముఖమో పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పెద్దకర్మ నాటికి దాన్ని చూసి పెన్సిల్‌తో పెద్ద బొమ్మ గీసిస్తాను. ఆ ఇంటికి నేను చేయగలిగిన సాయం అదొక్కటే. అలా గీయగా గీయగా నా పెన్సిల్‌కి ఒక పేరు వచ్చేసింది. పక్కింటి ముసలాయన వైపు కాస్త తేరిపార చూస్తే చాలు, నన్నప్పుడే గీయకమ్మా అంటాడు. అందరితో పాటు నేనూ నవ్వుతాను. నవ్వాక చాలాసేపు మనసు బాగుండదు.

మా స్నేహితురాళ్ళకు ఈ సంగతి తెలుసు గానీ పట్టించుకోలేదు. జగ్గయ్యపేటలో కలిసి చదువుకున్న ముగ్గురం మేము. ఏ సందర్భానికైనా చేత్తో చేసిందే ఇచ్చుకుంటాం, కొన్నది తెస్తే గుమ్మంలోనుంచే వెనక్కి పంపేస్తాం. ఒకామె చిల్లకల్లులో ఉంటుంది, క్రోషియా అల్లుతుంది. మా ఇళ్ళల్లో టీవీ మీద, ఫ్రిజ్ మీద, ఆఖరికి మిక్సీ మీద కూడా ఆవిడ అల్లిన గుడ్డలే. రెండో ఆమె జగ్గయ్యపేటలోనే ఉండిపోయింది, పాత జాకెట్ ముక్కలతో బొమ్మలు కుడుతుంది. వాళ్ళిద్దరికీ నేను పూలు, పిట్టలు, నీళ్ళు తాగే గేదెలు గీసిచ్చేదాన్ని. ముఖాల జోలికి మాత్రం పోలేదు.

మొన్న వేసవిలో బొమ్మలు కుట్టే స్నేహితురాలికి రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. విజయవాడలో ఆపరేషన్, ఆ తర్వాత కీమో. ఇదంతా ఫోన్‌లో పెళ్ళివంటలు ఏకరువు పెట్టినట్టు గడగడా చెప్పేసి, చివర్లో అడిగింది.

"నా బొమ్మ గీసియ్యవే. ఆపరేషన్‌కి వెళ్ళేలోపు కావాలి. జడతో సహా గీయి. తర్వాత ఉండదంటగా."

కాదని ఏ నోటితో అనను? కారణం చెబితే, అనకూడని మాట అన్నట్టే. నేను బడిలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. మనుషులు పోయాక నేను గీశాను తప్ప, నేను గీయబట్టి ఎవరూ పోలేదు. ఈ ముక్క నాకు తెలుసు, నా చేతికి తెలియదు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

ఆమె ఫోన్‌లో పంపిన ఫోటో చూసి ముందు జడ గీశాను. జడకేం భయం లేదు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను. మా ఆయన చూసి, బొమ్మ గీస్తున్నావా పరీక్ష రాస్తున్నావా అన్నాడు. ఎలాగో పూర్తి చేసి బస్టాండు దగ్గర ఫ్రేముల షాపులో ఇచ్చాను. ఏళ్ళుగా నా బొమ్మలన్నిటికీ అద్దం బిగించేది ఆ షాపాయనే.

ఆదివారం పొద్దున వెళ్ళేసరికి పేపరు చుట్టి, దారంతో కట్టి సిద్ధంగా ఉంచాడు. నేను విప్పి చూడలేదు. చూడాలంటే భయం. ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. బస్సు ఎగిరి పడ్డప్పుడల్లా అద్దం పగులుతుందేమోనని రెండు చేతులతో అదిమి పట్టుకునేదాన్ని. చిల్లకల్లులో క్రోషియా అల్లే స్నేహితురాలు ఎక్కింది. జుట్టు ఊడిపోయాక పెట్టుకోవడానికి మెత్తటి నూలుతో టోపీ అల్లి తెచ్చింది. దారంతా ఇద్దరం ఎండల గురించే మాట్లాడుకున్నాం.

జగ్గయ్యపేటలో బొమ్మలు కుట్టే స్నేహితురాలు తన ఇంట్లో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, అచ్చం అప్పడాలమ్మేదానిలా ఉన్నానని మమ్మల్ని నవ్వించింది. తర్వాత నా చేతిలోది లాక్కుని దారం తెంపింది.

పేపరు లోపల గంధపు చెక్కల దండ వేసిన ఫ్రేము. అద్దం మీద, సరిగ్గా నుదురు ఉన్నచోట, గంధం, దానిమీద కుంకుమ బొట్టు.

షాపాయన తప్పేం లేదు. నేనిచ్చిన ముఖం ఏదైనా నేరుగా పెద్దకర్మకే వెళుతుంది. పాపం, అందుకని ప్రతిసారీ లాగే మర్యాదగా బొట్టు పెట్టి, దండ వేసి కట్టాడు. అడగాల్సిన అవసరం ఆయనకెందుకు వస్తుంది?

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిల్లకల్లు ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పారిపోదామనిపించింది. ఇన్నాళ్ళూ నేను భయపడిందంతా దండతో సహా ఆమె ఒళ్ళో ఉంది.

ఆమె కాసేపు దాన్నే చూసింది. దండ తీసి నా చేతిలో పెట్టింది. అద్దం మీది కుంకుమ వేలితో తీసి తన నుదుట పెట్టుకుంది. బొట్టు పక్కకు జరిగి వంకరగా పడింది.

"భయమేస్తోందే," అంది. "ఇంట్లో అందరికీ నేనే ధైర్యం చెబుతున్నా. ఈ మాట ఎవరితో అనను?"

"నాకూ భయంగానే ఉంది," అన్నాను. "గీసినంతసేపూ భయపడ్డా."

ముగ్గురం మంచం మీద ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఏడుపు తగ్గాక ముక్కు తుడుచుకుని ఆమె కొత్త పని చెప్పింది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ గీయాలట. ఫోటో చూసి కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని.

ఆపరేషన్ రోజు బడిలో ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడ్డాను. బాగానే జరిగిందన్నారు. కీమో ఇంకా నడుస్తోంది. గండం గడిచిందని డాక్టర్లు ఇప్పటికీ అనడం లేదు, చూద్దాం అంటున్నారు. ఆ మాట వింటే నాకు అన్నం సహించదు.

పోయిన ఆదివారం వెళ్ళాను. టోపీ తీసేసి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ప్రాణమున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని గీయడం నాకదే మొదలు. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. చెవి గీస్తుంటే తల తిప్పి గోడమీద బల్లిని చూస్తుంది. ముక్కు దగ్గరికి వస్తే టీ కావాలంటుంది. ఆవలిస్తుంది, గుండు గోక్కుంటుంది, నా పక్కకొచ్చి ఎంతవరకు వచ్చిందని తొంగి చూస్తుంది. చెరిపీ చెరిపీ కాగితం చిరుగు పట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"కాసేపు కదలకుండా కూర్చోవే," అని కసిరాను.

ఆమె వెంటనే మాట విని బిగుసుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప వాల్చడం లేదు. ఆ ముఖాన్ని చూడలేకపోయాను. పెన్సిల్ పక్కన పెట్టేశాను.

"వద్దు, కదులు," అన్నాను. "నీ ఇష్టమొచ్చినట్టు కదులు. నేనే ఎలాగో గీసుకుంటా."