విషాన్ని కూర్చోబెట్టే చెల్లె

మా ఎల్లారెడ్డి చిన్నమ్మ బిడ్డను తలచుకుంటే నాకు ముఖం కన్నా ముందు ఆమె అరచెయ్యి గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో రసాయనాల మీద పరిశోధన చేసేది. ఏం చెప్పినా ఎడమ అరచేతిని గిన్నెలా వంచి, అందులో కుడిచేతి వేలు పెట్టి చూపేది.

"విషాన్ని చంపుడు కాదక్కా, గిట్ల గిన్నెల కూసోబెట్టుడు. ఇగ అది ఎవ్వల జోలికి రాదు."

బీడీలు చుట్టీ చుట్టీ నాకు తల తిరిగేది, వాంతులయ్యేవి. అది విని, కామారెడ్డిలో మా ఇంటికి ఒక డబ్బా తెల్లపొడి తెచ్చింది. తంబాకు విషం ఒంట్లోకి దిగకుండా ఆ పొడి పట్టుకుంటుందట. చుట్టే ముందు చేతులకు రాసుకొమ్మంది.

మా అత్తకు అది పిసినారితనంగా తోచింది. "చేతులకే ఎందుకే? తాగెటోళ్లు మనుషులు కారా?" అని డబ్బా మొత్తం చాటలోని తంబాకులో కలిపేసింది.

మర్నాడు బీడీలు తీసుకునే సేటు ఒకటి ముట్టించి, రెండు దమ్ములు లాగి పారేశాడు. "ఏందవ్వా గిది? గడ్డి తాగినట్టున్నది!" అని మా బీడీ కార్డు గుంజుకున్నాడు. కార్డు లేకుంటే ఆకు లేదు, తంబాకు లేదు, మాకు పనే లేదు.

చెల్లె మాత్రం మురిసిపోయింది. "పనిచేసిందక్కా!" అని సేటుకు కూడా అరచెయ్యి వంచి చూపింది. "అన్నా, దీంట్ల విషం తక్కువున్నది."

"విషం లేని బీడీ ఎవలు కొంటరు తల్లీ?"

చెల్లె గిన్నెలా వంచిన అరచేతిని చాపి, చీరకు తుడుచుకుంది. ఆఖరికి, ఈ ఇంటి బీడీల్లో విషం ఇక తగ్గనివ్వనని ఆమె ఒట్టు పెట్టాకే సేటు మా కార్డు తిరిగి ఇచ్చాడు.